వేట వాళ్ళ పేరున, విందు మన విస్తట్లో



చైత్రం దగ్గర పడుతోంది. కోరాపుట్, జయపురం, సునాబెడ, రాయగడ, గుణుపురం, మన తెలుగువాళ్ళున్న ఏ ఊళ్ళో చూసినా కుర్రాళ్ళ ఫోన్లలో ఒకటే మాట తిరుగుతోంది. "ఈసారి చైత్ పరబ్‌కి బెంటకు పోదాం. జింక వేటకు కొత్తవాళ్ళం. ఏం కావాలి, ఎలా మొదలెట్టాలి, ఎవర్ని పట్టుకోవాలి?" బెంట అంటే ఇక్కడి మాటలో వేట. అడిగిన గుంటడికి ఇరవై ఏళ్ళు. జవాబిచ్చిన పెద్దమనిషికి నలభై దాటాయి. అడిగినవాడి మీద మాకు కోపం లేదు. జవాబిచ్చినవాడి మీద ఉంది.

ఆయన జవాబు ఇది: "పండగ రోజుల్లో ఫారెస్టువాళ్ళు చూసీచూడనట్టు పోతారు. తెలిసిన ఊరోళ్ళున్నారు. బండి, డీజిలు, హెడ్‌లైటు మనవి. తుపాకీ వాళ్ళది. తొలిసారి కాబట్టి మీరు ఊరికే చూసి నేర్చుకోండి."

ఇందులో ప్రతి మాట వెనకా ఒక మోసం ఉంది. సంఘంలో కొందరం కూర్చుని మాట్లాడుకుని, ఒక్కొక్కటీ విప్పి చెప్పాలనుకున్నాం. పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

ముందు "ఊరికే చూసి నేర్చుకోండి" అన్నది తీసుకుందాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. చంపడమే వేట అనుకోకండి. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరిమి తోలడం, గాయపరచడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం, అన్నీ వేటే. సాయపడ్డవాడూ నేరం చేసినవాడి కిందే లెక్క. కేకలు పెట్టి జింకను పొదలోంచి బయటికి తోలినవాడూ, లైటు పట్టుకుని నిలబడ్డవాడూ, బండి నడిపినవాడూ ఒకే కేసులో ఉంటారు. ఈ చదువులో మొదటి తరగతి లేదు. మొదటి అడుగే నేరం.

శిక్ష సంగతి. 2022 సవరణ తర్వాత మామూలుగా 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూలు జంతువైతే 3 ఏళ్ళకు తగ్గకుండా 7 ఏళ్ళ దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. చీకట్లో ఆకుల చాటున రెండు కళ్ళు మెరుస్తాయి. అది చుక్కల దుప్పా, కణితా, మొరిగే జింకా, మూషిక జింకా? పండిన వేటగాడికే ఒక్కోసారి పోల్చుకోవడం కష్టం. కొత్తవాడికి అది ఏ షెడ్యూలు జంతువో కోర్టులోనే తెలుస్తుంది. ఇంట్లో మాంసం దొరికితే, అది సక్రమంగా వచ్చిందని నిరూపించుకోవలసిన బరువు దొరికినవాడి మీదే పడుతుంది. వాడిన బండి జప్తవుతుంది. నాటు తుపాకీ ఉంటే ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు.

"మా తాతగారు పర్మిటు తీసుకుని ఆడేవారు" అని కొందరంటున్నారు. నిజమే కావచ్చు. 1972 చట్టంలో మొదట వేట లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో అవి పోయాయి. తాతగారి పర్మిటు ఇప్పుడు ఫ్రేము కట్టి గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇక పండగ మినహాయింపు అనేది ఆ చట్టంలో ఎక్కడా లేదు. చూసీచూడనట్టు పోవడం కూడా వట్టి మాట. మయూర్‌భంజ్‌లో సిమిలిపాల్ చుట్టూ సాగే అఖండ్ శికార్‌ను ఆపడానికి కాపలా పెంచేది సరిగ్గా ఈ ఎండాకాలపు రోజుల్లోనే.

అదేమంటే, రాజస్థాన్‌లో 1998లో రెండు కృష్ణజింకలు చచ్చాయి. 2018లో, 20 ఏళ్ళ తర్వాత, జోధ్‌పూర్ కోర్టు సల్మాన్ ఖాన్‌కు 5 ఏళ్ళ శిక్ష వేసింది. ఆయన అప్పీలుకు వెళ్ళాడు, బెయిలు మీద ఉన్నాడు. అన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరగడానికి ఆయనకు డబ్బుంది. మన పేపరు మిల్లు కార్మికుడి కొడుక్కి ఉందా? ఒక్క ఎఫ్ఐఆర్‌తో రైల్వే ఉద్యోగం, పాస్‌పోర్టు, పోలీసు వెరిఫికేషను అన్నీ చిక్కుల్లో పడతాయి.

ఇది భయపెట్టే మాట. భయం ఒక్కటే చాలనుకుంటే ఇక్కడితో ఆపేసేవాళ్ళం. అసలు సంగతి ముందుంది.

"ఇది ఈ మట్టి ఆచారం. మనమూ ఈ మట్టివాళ్ళమే" అంటున్నారు. రెండో వాక్యం మాకూ ఒప్పుదలే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోవే. మనలో చాలామంది పూర్వీకులు ఒడిశా అనే రాష్ట్రం పుట్టకముందే ఇక్కడున్నారు. కాని మట్టి ఒకటైనంత మాత్రాన ఆచారం ఒకటవుతుందా? చైత్ పరబ్ ఏమిటో ఒకసారి చూడండి. పరజ, గదబ, కొంధ్ పల్లెల్లో దిసారి రోజు చూసి చెబుతాడు. విత్తనానికి పూజ ఉంటుంది. కొత్త మామిడికాయ దేవుడికి పెట్టాకే నోట పెడతారు. ధింసా ఆడతారు. మగవాళ్ళు బెంటకు వెళ్తారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేస్తారు. దొరికితే ఊరంతా పంచుకుంటారు. సరిహద్దుకు అవతల అరకు, పాడేరు వైపు ఇటుకల పండగ కూడా ఇలాంటిదే.

ఇందులో మన పెద్దమనిషి తీసుకున్నది ఏది? దిసారినా? విత్తనాన్నా? ఊరందరి వాటానా? పేడనీళ్ళనా? ఏదీ కాదు. పండగలోంచి జింక మాంసాన్ని మాత్రం ఊడబీకి డిక్కీలో వేసుకున్నాడు. ఆచారం పేరు చెప్పి ముక్కలు తెచ్చుకునేవాణ్ణి ఆచారపరుడు అనరు. తెలుగులో దానికి వేరే మాటలున్నాయి, ఆడపిల్లలు చదివే చోట రాయలేం.

ఇంకొకటి. ఈ ఆచారం మాట ఆదివాసులకే కోర్టులో పనికిరావడం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం భూమి, అడవి ఉత్పత్తులు, మేత, చేపల మీద సంప్రదాయ హక్కులను గుర్తించింది. వేట దగ్గరికి వచ్చేసరికి, సంప్రదాయమైనా సరే, దాన్ని స్పష్టంగా పక్కన పెట్టింది. అది న్యాయమా అన్యాయమా అనేది గ్రామసభలు, ప్రభుత్వం తేల్చుకోవలసిన విషయం. పల్లెలకెళ్ళి ఆదివాసులకు నీతులు చెప్పే పని మనది కాదు. నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు రాయగడ, కలహండి జిల్లాల 12 గ్రామసభలు కూర్చుని, బాక్సైట్ తవ్వకం వద్దని ఒక్క గొంతుతో చెప్పాయి. కొండను ఎలా కాపాడుకోవాలో వాళ్ళకు మనం నేర్పనక్కర్లేదు. మనం చూసుకోవలసింది మన జేబు.

అక్కడికే వస్తున్నాం. ఈ జిల్లాల్లో జింకలు ఎందుకు తగ్గాయి? ఒక్క విల్లంబుల వల్ల తగ్గలేదు. మాచ్‌ఖండ్, ఎగువ కోలాబ్ జలాశయాల కింద లోయలు మునిగాయి. పంచపట్‌మాలి కొండ మీద గని వచ్చింది. మిల్లులకు వెదురు పోయింది. రైలు పట్టాలు, రోడ్లు అడవిని ముక్కలు చేశాయి. ఈ పనులకే మనలో చాలామంది కుటుంబాలు ఇక్కడికొచ్చి బతికాయి. ఆ బతుకును తప్పుపట్టడం లేదు. కాని అడవి అంతగా చిక్కిపోయాక మిగిలిన నాలుగు జింకల మీద పడుతున్నది ఎవరి డబ్బు అని అడుగుతున్నాం.

పద్ధతి ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. పట్నంలో ఒకరింట్లో విందు. "కొండసరుకు కావాలి" అని ఫోను. అడ్వాన్సుగా కొంత డబ్బు, బ్యాటరీలు, తుపాకీ మందుకు ఖర్చు, ఒక సీసా. పల్లెలో కుర్రాడొకడు రాత్రి వెళ్తాడు. నుదుటి మీద లైటు. వెలుగు కళ్ళలో పడగానే జింక కదలకుండా నిలబడిపోతుంది. అందులో వీరత్వం ఏముంది? ఎండాకాలంలో వాగులన్నీ ఎండి, నీళ్ళున్న ఒకటి రెండు చోట్లకే అన్నీ రావాలి. అక్కడ కాపు వేస్తే చాలు. ఆకు రాలిన అడవికి నిప్పు పెట్టి తోలితే ఇంకా తేలిక. తెల్లారేసరికి అడ్డాకుల్లో చుట్టిన మాంసం గుమ్మంలో ఉంటుంది. "మటన్" అని పిలుస్తారు. పిల్లలకూ అలాగే చెబుతారు.

దిసారి ముహూర్తం ఏడాదికి ఒకసారి. మనవాళ్ళ ఫోనుకు తిథి లేదు, మాసం లేదు. పెళ్ళికి, పుట్టినరోజుకు, ప్రమోషనుకు, ఆఖరికి కార్తీక వనభోజనాలకు పక్కన వేరే గిన్నెలో కూడా! ఉసిరిచెట్టు కింద కూర్చుని చేసే పనేనా ఇది? ఆడ జింక సాధారణంగా ఒక కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. దుప్పి, కణితి సుమారు ఎనిమిది నెలలు మోస్తాయి. చూలుతో ఉన్నదాన్ని పడగొడితే లెక్క ఒకటి కాదు, రెండు.

పట్టుబడితే ఎవరు పోతారు? పల్లె కుర్రాడు. వాడి తుపాకీ, వాడి చేతి మీద నెత్తురు, వాడి గుడిసెలో చర్మం. ఫోను చేసినాయన ఆ రోజు స్విచ్చాఫ్. జామీను ఇచ్చేవాడు లేక, వకీలుకు డబ్బు లేక, వాళ్ళమ్మ కోర్టు మెట్ల మీద కూర్చుంటుంది. పేపర్లో "ఆదివాసీ వేటగాడు అరెస్టు" అని పడుతుంది. తిన్నవాడి పేరు ఏ పేపర్లోనూ పడదు. వేట వాళ్ళ పేరున, విందు మన విస్తట్లో. ఆ కేసు వాడి మెడకు, ఆ కమ్మదనం మన మూతికి. ఇన్నేళ్ళు పక్కపక్కన బతికి, వాళ్ళ సంతలో కొని, మన కొట్లో వాళ్ళకు అమ్మి, మనం చేసే స్నేహం ఇదా? కొండమీదివాళ్ళు మనల్ని అప్పులవాళ్ళు, తూకంలో కోసేవాళ్ళు అని ఊరికే అనుకోరు. ఆ పేరుకు ఇది కూడా తోడవ్వాలా?

"పురాణాల్లో రాజులు వేటాడలేదా?" అని ఒక పండితుడు అడిగాడు. ఆడారు బాబూ. ఆడి ఏమయ్యారో కూడా చెప్పండి. దశరథుడు చీకట్లో నీళ్ళ చప్పుడు విని ఏదో జంతువు అనుకుని బాణం వేశాడు. కడవ ముంచుకుంటున్న మునికుమారుడు చచ్చిపోయాడు. పాండురాజు జింకల జంటను కొట్టాడు. అది కిందముడనే ముని. శాపం ఆయన ప్రాణం తీసేదాకా వదల్లేదు. పరీక్షిత్తు వేటలో దప్పికగొని, ధ్యానంలో ఉన్న మునిమెడలో చచ్చిన పాము వేసి వచ్చాడు. ఏడో రోజుకు తక్షకుడు వచ్చాడు. బంగారు లేడి వెంట వెళ్ళిన రాముడికి తిరిగొచ్చేసరికి పర్ణశాలలో సీత లేదు. ఆఖరికి కృష్ణుడి పాదాన్ని జింక అనుకుని జర అనే వేటగాడు బాణం వేశాడు. మన పెద్దలు వేటకథ చెప్పినప్పుడల్లా మనిషి ఇంట్లో ఏడుపుతోనే ముగించారు. ఊరికే ముగించారా?

దశరథుడి తప్పు ఈనాటికీ జరుగుతోంది. పొదలో చప్పుడయిందని కాలిస్తే అక్కడున్నది తోటివాడు. పంది కోసమనీ జింక కోసమనీ కరెంటు తీగలు లాగితే, రాత్రి పొలానికి వెళ్ళిన రైతు దాని మీద పడతాడు. ఒడిశాలో అలాంటి తీగలకు ఏనుగులు చచ్చిపోతున్నాయి. ఉచ్చుకు కళ్ళు లేవు. అందులో జింకే పడాలని రాసిపెట్టి లేదు, ఎలుగుబంటి పడుతుంది, చిరుత పడుతుంది, ఊరి ఆవు పడుతుంది.

మరో వాదన అమెరికా నుంచి వచ్చింది. టెక్సస్‌లో ఉన్న మేనమామ నారింజరంగు కోటు వేసుకుని, పడిపోయిన జింక పక్కన దిగిన ఫోటో. "అక్కడ చదువుకున్నవాళ్ళే ఆడతారు, మనకేంటి?" సరే, అక్కడి సంగతీ చూద్దాం. అక్కడ తెల్లతోక జింకలు సుమారు 3 కోట్లు ఉన్నాయి. వాటిని తినే తోడేళ్ళు చాలా చోట్ల లేవు. కొత్తవాడు చాలా రాష్ట్రాల్లో ముందు క్లాసు చదివి పరీక్ష పాసవ్వాలి. లైసెన్సు కొనాలి. ఏ సీజన్లో, ఏ ప్రాంతంలో, ఎన్ని అని లెక్క ఉంటుంది. 1937 నాటి చట్టంతో తుపాకులు, తూటాల మీద వేసిన పన్ను అడవిజంతువుల సంరక్షణకే పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, వేటాడిన జింక మాంసాన్ని అమ్మకూడదు. ఎందుకో తెలుసా? సరిగ్గా మన పెద్దమనిషి లాంటివాళ్ళ కోసం, బజారు కోసం వేటాడి, 1900 నాటికి ఆ జింకలను కొన్ని లక్షలకు దించేశారు. కళ్ళు తెరిచి అమ్మకం ఆపాకే మళ్ళీ పెరిగాయి. అంటే అమెరికా చెప్పే పాఠం కూడా ఇదే: డబ్బు పెట్టి కొనేవాడున్నంత కాలం అడవి మిగలదు. మేనమామ ఫోటో చూశారు, దాని వెనక ఉన్న పుస్తకం చదవలేదు.

అంత దూరం ఎందుకు, పక్కనున్న గంజాం జిల్లా చూడండి. అస్కా దగ్గర భేట్నోయి చుట్టుపక్కల ఊళ్ళలో కృష్ణజింకలు వేలల్లో ఉన్నాయి. కంచె లేదు, అడవి కూడా పెద్దగా లేదు, రైతుల పొలాల్లోనే తిరుగుతాయి. పంట తింటాయి. అయినా రైతులు చేయి చేసుకోరు. కృష్ణజింక పొలంలోకి వస్తే వానలు పడతాయని, మంచి జరుగుతుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళేం శ్రీమంతులు కారు. మనకంటే వాళ్ళ పంటకే నష్టం ఎక్కువ. పంట పోగొట్టుకున్నవాడు ఊరుకుంటుంటే, పంటే లేని పట్నంవాడికి ఎందుకింత ఆరాటం?

ఇప్పుడు ఆ ఇరవై ఏళ్ళ గుంటడికి మా జవాబు. నాయనా, నీ ప్రశ్న చెడ్డది కాదు. అడవిలోకి వెళ్ళాలని ఉంది, జింకను దగ్గర్నుంచి చూడాలని ఉంది, వేటగాడికి తెలిసినవి తెలుసుకోవాలని ఉంది. అవన్నీ నేర్చుకో, ఆఖరి పని ఒక్కటి తప్ప. తడి మట్టిలో రెండు చీలికల గిట్ట ముద్ర చూసి మేకదా, మొరిగే జింకదా, కణితిదా అని చెప్పగలగాలి. సాయంత్రం కొండవాలు నుంచి కుక్క మొరిగినట్టు ఆగి ఆగి వచ్చే అరుపు కుక్కది కాదని, మొరిగే జింక ఏదో చూసి బెదిరిందని పోల్చుకోవాలి. చెట్టు బెరడు మీద కొమ్ము రాపిడి చూసి మగదుప్పి ఇటు వచ్చిందని తెలియాలి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, అడ్డంగా నడిచి, కదలకుండా గంటసేపు కూర్చోగలగాలి. ఇవి పల్లె పెద్దలకు తెలుసు. వాళ్ళను గురువులుగా పిలిచి, రోజు కూలి కంటే ఎక్కువే ఇచ్చి, ఫారెస్టు అనుమతితో పగటిపూట వెళ్ళు. తుపాకీ కాల్చడానికి ఒక వేలు చాలు. ఇవి రావడానికి ఏళ్ళు పడుతుంది. మగతనం చూపించాలనుకుంటే ఇక్కడ చూపించు.

సంఘం వచ్చే సమావేశంలో మేము నాలుగు మాటలు తీర్మానంగా పెట్టబోతున్నాం.

1. సంఘం పేరున జరిగే వనభోజనాలు, సంక్రాంతి, ఉగాది, పెళ్ళిళ్ళకు మన హాలు ఇచ్చే విందులు, ఎక్కడా అడవిమాంసం ఉండకూడదు. ఉందని తెలిస్తే ఆ కుటుంబానికి మరో ఏడాది హాలు ఇవ్వకూడదు.

2. అడవిమాంసం కేసులో ఇరుక్కున్న సభ్యుడి కోసం సంఘం ఏ అధికారి దగ్గరికీ సిఫారసుకు వెళ్ళకూడదు. ఎంత పెద్దవాడైనా సరే.

3. చైత్ పరబ్‌కి పిలిస్తే అతిథులుగా వెళ్దాం. దారికి వెదురు అడ్డం పెట్టి ఆడపిల్లలు పండగ డబ్బులు అడిగితే నవ్వుతూ ఇద్దాం. ధింసా ఆడదాం. మాంసానికి బేరం మాత్రం ఆడొద్దు.

4. ఏటా ఒకసారి కుర్రాళ్ళను పల్లె పెద్దల వెంట, అనుమతితో, అడవి చూడడానికి పంపుదాం. ఖర్చు సంఘానిది.

మొదటి రెండిటికీ అభ్యంతరాలు వస్తాయని తెలుసు. "తినే తిండి మీద సంఘం పెత్తనమేంటి" అంటారు. మేకనో, కోడినో, చేపనో తినండి, ఎవరూ అడగరు. ఇది తిండి గొడవ కాదు. ఒకడి ఆకలి తీరని కూర కోసం ఇంకొకడి కొడుకు జైలుకు పోయే గొడవ. "పరువు పోతుంది, బయట పెట్టొద్దు" అని కూడా ఫోన్లు వచ్చాయి. పరువు బయట పెడితే పోయేది కాదు, చేస్తే పోయేది.

సమావేశానికి రండి. ఒప్పుకోనివాళ్ళు ముందు వరసలో కూర్చుని మరీ వాదించండి, వింటాం. కాని చేయి ఎత్తే ముందు ఒక్కటి ఆలోచించండి. మీ విస్తట్లో పడే ఆ ముక్కకు మీరు కట్టిన ధర పోగా, మిగతా ధర ఏ పల్లెలో, ఏ ఇంట్లో, ఎవరు కడుతున్నారో.